వేచియున్న పనులు, ఖాళీ యంత్రములు

ఒక కార్యాలయములో పది కంప్యూటర్లు తీగలతో ఒకదానికొకటి కలుపబడి యున్నవనుకొందము. ఒకదానిముందు నాలుగు పనులు బారులు తీరి యుండగా, దాని ప్రక్కనున్నది ఏ పనియు లేక ఊరక వెలుగుచుండును. ఇది అరుదైన సంగతి కాదు. చెరువు క్రింద ఎగువ చేను నీట మునిగి, దిగువ చేను బీటలు వారినచో చెరువున నీరు చాలదని ఎవరును అనరు. నీరు పంచువాడు సరిగా లేడని అందురు. తెలంగాణ పల్లెలలో ఆ పనికి నీరటి యుండెడివాడు. ఏ తూము ఎప్పుడు తీయవలెనో, ఎవరి మడి తడిసిన తరువాత ఎవరి మడికి నీరు మరలింపవలెనో అతడు చూచుకొనెడివాడు. కంప్యూటర్లకును అట్టివాడొకడు కావలసివచ్చెను.

అయితే ఈ నీరటి మనుష్యుడు కాడు, ఒక ప్రోగ్రాము. వినియోగదారుడు తెరపై బొమ్మలను నొక్కుటకు బదులు ఒక్క పంక్తి ఆజ్ఞను టైపు చేయును. ఆ పనిని ఏ యంత్రమునకు, ఎప్పుడు, ఎంతసేపు ఇవ్వవలెనో ఆ ప్రోగ్రాము నిర్ణయించును. ఈ యేర్పాటు సుమారు డెబ్బది సంవత్సరములలో మెట్టు మెట్టుగా రూపొందినది. ఈ చరిత్రలో యంత్రవేగమునకు ఎంత స్థానము కలదో, "ఎవరు ఆగవలెను?" అను ప్రశ్నకు అంతకంటె ఎక్కువ స్థానము కలదు.

కార్డుల కట్టలు

1950 ప్రాంతములో పెద్ద కంప్యూటరును ఉపయోగింపదలచినవారు తమ వంతును ముందుగా నమోదు చేయించుకొనెడివారు. తమ సమయము రాగానే వెళ్లి, టేపులు బిగించి, రంధ్రములు పొడిచిన కార్డుల కట్టను యంత్రమున కందించి, ఫలితమును తీసికొని వచ్చెడివారు. ఈ సన్నాహములోనే ఎంతో కాలము గడచిపోయెడిది. ఆ సేపు అంత ఖరీదైన యంత్రమును ఊరకుండెడిది.

1956లో జనరల్ మోటార్సు పరిశోధనశాలకు చెందిన రాబర్ట్ ప్యాట్రిక్, నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థకు చెందిన ఓవెన్ మాక్ అనువారి కృషివలన ఐ.బి.ఎం. 704 యంత్రమునకు ఒక పర్యవేక్షక ప్రోగ్రాము సిద్ధమైనది. పలువురి పనులను ఒక్క వరుసగా చేర్చి యిచ్చినచో, ఒకటి ముగియగనే తరువాతిదానిని యంత్రమే అందుకొనును. తొలి ఆపరేటింగ్ సిస్టములలో ఇది యొకటి. తరువాత ప్రతి కట్టకు ముందు "ఇది ఫలానావాని పని, ఇంత కాలము పట్టును, ఇన్ని టేపులు కావలెను" అని యంత్రమునకు తెలుపు నియంత్రణ కార్డులు వాడుకలోనికి వచ్చెను. 1964లో ప్రకటింపబడిన ఐ.బి.ఎం. సిస్టమ్ 360 యంత్రములకు ఇట్టి కార్డులు వ్రాయుటకే ప్రత్యేకముగా ఒక భాష యేర్పడెను. నేడు పనిని అప్పగించువారు తమ ఫైలు మొదట వ్రాయు పంక్తులు ఆ కార్డుల సంతతియే.

ఈ పద్ధతివలన యంత్రమునకు విరామము తగ్గినది. మనుష్యునకు నిరీక్షణము పెరిగినది. ఉదయము కట్ట నిచ్చినవానికి సాయంకాలమో, మరునాడో ఫలితము దొరకెడిది. ఒక్క కామా తప్పిపోయినచో మరల మొదటినుండి కాచుకొనవలసినదే.

ఒకే యంత్రము, పలువురు మనుష్యులు

ఈ బాధను తొలగించుటకు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కొర్బాటో, అతని సహచరులు కాలమును పంచుకొను పద్ధతి నొకదానిని నిర్మించి, 1961 నవంబరులో ప్రదర్శించిరి. యంత్రము ఒక్కొక్కరి పనిని లిప్తపాటు చేసి తరువాతివానివైపు మరలును. ఈ తిరుగుట మిక్కిలి వేగముగా జరుగుటచే ప్రతివాడును యంత్రము తనదేయని భావించును. కార్డుల స్థానమున టైపు చేసిన ఆజ్ఞలు వచ్చెను. ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో వ్రాసి యుంచి, ఒకే మాటతో వానినన్నిటిని నడుపు సాధనమును లూయీ పూజెన్ అను ఫ్రెంచివాడు ఈ యంత్రము కొరకే వ్రాసెను. ఆజ్ఞలను స్వీకరించు ప్రోగ్రామునకు "షెల్" అను పేరు పెట్టినదియు అతడే.

1969లో బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్ ఈ పద్ధతిని సులభము చేసినది. అందు "నైస్" అను ఒక చిన్న ఆజ్ఞ కలదు. ఆంగ్లమున ఆ మాటకు మంచివాడని అర్థము. దానితో ప్రతి పనికి ఒక అంకె నీయవచ్చును. అంకె ఎంత పెద్దదైన ఆ పని ఇతరులకు అంతగా దారి యిచ్చును. లైనక్సులో ఈ అంకెలు ఋణ 20 మొదలు 19 వరకు ఉండును. సాధారణ వినియోగదారుడు తన అంకెను పెంచుకొనవచ్చునేగాని, మామూలుగా తగ్గించుకొనజాలడు. అనగా తన పనిని వెనుకకు జరుపుకొను స్వేచ్ఛ అందరికిని కలదు. ముందుకు త్రోసికొను అధికారము యంత్రపాలకునికి మాత్రమే కలదు. పనుల పంపకములో మర్యాద యొక నియమముగా మారుటకు ఇది మంచి ఉదాహరణము.

భారమును కొలుచుట

పంచవలెనన్న ముందు కొలత కావలెను. అమెరికాలోని బోల్ట్, బెరానెక్, న్యూమన్ సంస్థ నిర్మించిన టెనెక్స్ అను ఆపరేటింగ్ సిస్టము 1970 తరువాత ఇట్టి కొలత నొకదానిని ప్రచారము లోనికి తెచ్చెను. నడచుచున్న పనులు, నడచుటకు సిద్ధముగా వేచియున్న పనులు కలిపి ఎన్నియో లెక్కించి, గడచిన 1, 5, 15 నిమిషములకు సగటు కట్టుదురు. దీనికే సగటు భారమని పేరు. అర్పానెట్ పత్రములలో 546వదిగా 1973 ఆగస్టులో వెలువడినది ఆ జూలై నెల సగటు భారముల వివరమే.

ఒకే ప్రాసెసరు గల యంత్రమున సగటు భారము 1 అయినచో, సగటున ఒక పని నడచుచున్నదని స్థూలముగా చెప్పవచ్చును. 4 అయినచో ఒకటి నడచుచుండగా మూడు వేచియున్నవి. నాలుగు ప్రాసెసర్లున్న యంత్రమునకు అదే 4 చక్కగా సరిపోవును. కావున అంకెను యంత్రబలముతో కలిపి చూడవలెనేగాని విడిగా చూడరాదు.

1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖ వెలువరించిన యూనిక్స్‌లో "ఆర్‌అప్‌టైమ్" అను ఆజ్ఞ యుండెను. దానిని టైపు చేసినచో ఆ సంస్థలోని యంత్రముల పేర్లును, వాని భారములును పట్టికగా వచ్చెడివి. తక్కువ భారమున్న యంత్రమును ఎన్నుకొని, "ఆర్‌ఎస్‌హెచ్" అను మరియొక ఆజ్ఞతో తన పనిని అచటికి పంపవచ్చును. ఇచట నీరటి పని మనుష్యుడే చేయుచున్నాడు. కాని పదిమంది ఒకే పట్టికను చూచి ఒకే ఖాళీ యంత్రమునకు పనులు పంపినచో, క్షణములో అదియే అన్నిటికంటె భారమైనదగును. అందరును తమ మేలు చూచుకొనుటవలన ఎవరికిని మేలు కలుగదు.

తెల్లవారునప్పటికి

యంత్రమే ఖాళీ యంత్రమును వెదకుకొనునట్లు చేయవలెనను కోరిక అంతకుముందే పుట్టినది. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో నున్న జిరాక్స్ పరిశోధనకేంద్రమున 1973లో ఈథర్నెట్ జన్మించెను. కొలది సంవత్సరములలో నూరింటికి పైగా ఆల్టో కంప్యూటర్లు ఆ తీగలపై చేరెను. రాత్రివేళ వానిలో అనేకములు ఖాళీగా నుండెడివి. జాన్ షాక్, జాన్ హప్ అనువారు ఒక పెద్ద గణనను తునకలుగా చేసి, ఒక్కొక్క తునక ఒక్కొక్క ఖాళీ యంత్రమున నడచునట్లు ప్రోగ్రామును వ్రాసిరి. ఒక తునక చెడినచో మిగిలినవి మరియొక ఖాళీ యంత్రమును వెదకి ఆ లోటును పూరించును. దీనికి వారు "పురుగు" అను పేరును జాన్ బ్రన్నర్ 1975లో ప్రచురించిన నవలనుండి గ్రహించిరి.

ఒకనాటి రాత్రి చిన్న పురుగు నొకదానిని కొన్ని యంత్రములపై నడచుచుండగా వదలివెళ్లిరి. తెల్లవారి వచ్చి చూడగా పదుల కొలది యంత్రములు స్తంభించి యుండెను. ప్రోగ్రాములో ఒక భాగము ఎట్లో చెడిపోయినది. ఆ చెడిన ప్రతియే యంత్రమునుండి యంత్రమునకు ప్రాకినది. యంత్రమును తిరిగి ప్రారంభించినచో పురుగు వచ్చి చేరును, మరల స్తంభించును. కొన్ని యంత్రములు తాళము వేసిన గదులలో నుండుటచే వానిని చేతితో ఆపుటకును వీలు లేకపోయెను. అదృష్టవశమున పురుగు నంతను ఒక్కసారిగా ఆపివేయు ప్రత్యేక సందేశము నొకదానిని వారు ముందుగనే అమర్చియుంచిరి. ఆ సందేశము తీగలపైకి పంపగా అంతయు శాంతించెను. 1982 మార్చిలో ప్రచురించిన వ్యాసములో ఈ సంఘటనను వారే వివరముగా వ్రాసిరి. ఇతరుల యంత్రములపైకి పనిని పంపు ఉపాయము మాత్రమే చాలదనియు, దానిని వెనుకకు పిలుచు ఉపాయము కూడ ఉండితీరవలెననియు దీనివలన స్పష్టమైనది.

ఖాళీ యంత్రముల వేటగాడు

పంపకము నిజముగా అంత అవసరమా యని సందేహము కలుగవచ్చును. దీనికి లెక్కయే సమాధానము. పది యంత్రములు వేటికవి విడిగా పనిచేయుచు, ఒక్కొక్కటి నూటికి 80 వంతుల కాలము పనిలో నున్నవనుకొందము. పదియును ఒకేసారి పనిలో నుండు అవకాశము 0.8ని పదిసార్లు గుణించిన లబ్ధము; అది సుమారు 0.107. అనగా నూటికి 89 సమయములలో కనీస మొక యంత్రము ఖాళీగా నుండును. ఇక పనులు యాదృచ్ఛికముగా వచ్చునప్పటి సాధారణ వరుస సిద్ధాంతమును బట్టి, ఒక యంత్రము వద్ద ఏ పనియు వేచియుండకుండు అవకాశము 0.36. పదింటివద్దను వేచియుండకుండు అవకాశము పదిలక్షలలో 37 మాత్రమే. కాబట్టి ఎక్కడనో ఒకచోట పని కాచుకొని యుండుట, మరియొకచోట యంత్రము ఖాళీగా నుండుట దాదాపు ఎల్లప్పుడు జరుగుచునే యుండును. మిరాన్ లివ్నీ, మైరన్ మెల్మన్ 1982లో ఈ విషయమును ఎత్తిచూపిరి. 1986లో ఈగర్, లజోస్కా, జాహోర్జన్ అను మువ్వురు మరియొక సంగతి నిరూపించిరి. అన్ని యంత్రముల స్థితిని పూర్తిగా తెలిసికొను క్లిష్టమైన పద్ధతి అక్కరలేదు. యాదృచ్ఛికముగా రెండు మూడింటిని అడిగి, భారము తక్కువగానున్న దానికి పంపినను లాభములో అధికభాగము దక్కును.

లివ్నీ తరువాత అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. అచట లిట్జ్‌కో, ముట్కా అనువారితో కలసి అతడు 1988లో "కాండార్" అను పద్ధతిని లోకమునకు తెలిపెను. కాండార్ అమెరికా ఖండములందలి ఒక పెద్ద రాబందు. ఈ ప్రోగ్రాము ఖాళీగానున్న బల్లయంత్రములను వేటాడును. ఆచార్యుడు భోజనమునకు పోయినను, విద్యార్థి ఇంటికి పోయినను అతని యంత్రముపై ఇతరుల పని నడచును.

ఇందు మొదటి చిక్కు సాంకేతికమైనది కాదు. తన బల్లమీది యంత్రమును పరులకు ఎవరిత్తురు? యజమాని తిరిగివచ్చి మీట నొక్కినప్పుడు యంత్రము నత్తనడక నడచినచో మరునాడే అతడు దానిని తీగలనుండి విడదీయును. కావున కాండార్ మొదటి నియమము యజమానిదే పైమాట యనుట. అతడు రాగానే పరుల పని ఆగిపోవును. కొలది నిమిషములలో అతడు లేచిపోనిచో, ఆ పని అంతవరకు జరిగిన స్థితిని ఫైలుగా భద్రపరచి, మరియొక ఖాళీ యంత్రమునకు తీసికొనిపోయి, ఆగినచోటినుండియే సాగింతురు. ఆ పనికి కావలసిన ఫైళ్లను చదువుట, వ్రాయుట పని పంపినవాని యంత్రమునందే "నీడ" యను ప్రోగ్రాము ద్వారా జరుగును. యజమాని ఫైళ్లతో దానికి ప్రసక్తి లేదు.

రెండవ చిక్కు అత్యాశ. ఒకడు వేయి పనులు పంపి యంత్రములన్నిటిని ఆక్రమించినచో, ఒక్క పని గలవాని గతి యేమి? ఇందులకు ప్రతి యంత్రమునకు ఒక సూచిక నుంచిరి. ఇతర యంత్రములను వాడుకొనుచున్నంతసేపు ఆ సూచిక పెరిగి వంతు వెనుకకు పోవును. పని యుండియు యంత్రము దొరకక వేచియున్నంతసేపు సూచిక తగ్గి వంతు ముందుకు వచ్చును. 1998లో మరియొక మెరుగు కలిగినది. పెండ్లి సంబంధముల ప్రకటనలవలె, పని తనకు ఎట్టి యంత్రము కావలెనో ప్రకటించును. యంత్రమును తనకు ఎట్టి పని సమ్మతమో ప్రకటించును. రెండు ప్రకటనలును పొసగినచోటనే జత కుదురును. 2012 నుండి హెచ్.టి. కాండార్ అను పేర ఈ ప్రోగ్రాము కొనసాగుచున్నది.

వరుసలో సందులు

ఇదే కాలమున పెద్ద యంత్రముల వద్దను వరుసల నిర్వహణ వృద్ధిచెందెను. 1986లో నాసావారి ఏమ్స్ కేంద్రమున యంత్రముల నడుమ పనులను పంపు వరుస పద్ధతి యొకటి యేర్పడెను. "క్యూసబ్" తో పనిని అప్పగించుట, "క్యూస్టాట్" తో దాని స్థితి తెలిసికొనుట, "క్యూడెల్" తో దానిని తొలగించుట అలవాటైనది. 1994లో ఈ ఆజ్ఞలకు అంతర్జాతీయముగా గుర్తింపుగల ప్రామాణికత లభించెను. కెనడాలోని టొరంటోలో సాంగ్నియన్ జౌ ప్రభృతుల పరిశోధన 1992లో ఒక వ్యాపారసంస్థగా రూపొందెను. అందు "బీసబ్" అను ఆజ్ఞ ఇదే పని చేయును.

1994లో నాసావారి గొడార్డ్ కేంద్రమున థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 సామాన్యమైన కంప్యూటర్లను ఈథర్నెట్‌తో జతపరచి, లైనక్సుతో నడపి, "బేవుల్ఫ్" అను గుంపుయంత్రమును నిర్మించిరి. పెద్ద గణనలు చేయుటకు కోట్ల ధనము లేని విశ్వవిద్యాలయములకు దీనివలన దారి దొరకెను. అయితే ఇట్టి గుంపులో ఒక్కొక్క పనికి ఒకేసారి పెక్కు యంత్రములు కావలసియుండును. అందుచే కేవలము వచ్చిన వరుస పాటించినచో నష్టము కలదు.

ఉదాహరణమునకు, పది యంత్రములలో ఆరింటిపై ఒక పని ఇంకను 4 గంటలు నడచును. వరుసలో మొదటిదానికి 8 యంత్రములు కావలెను. అది 4 గంటలు ఆగవలసినదే. ఆ సేపు నాలుగు యంత్రములు ఖాళీ. దాని వెనుక, 3 యంత్రములతో 3 గంటలలో ముగియు పని యొకటి కలదు. దానిని ఇప్పుడే నడిపినచో మొదటిదానికి ఒక్క నిమిషమైనను ఆలస్యము కాదు. కాని 4 యంత్రములను 6 గంటలు కోరు పనిని ముందుకు పంపరాదు. నాలుగు గంటల తరువాత ఆరే మిగులును గనుక మొదటివానికి అన్యాయము జరుగును. వెనుకవాని సౌకర్యము ముందువాని హక్కును హరింపకుండ సందులు పూరించు ఈ పద్ధతిని అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో డేవిడ్ లిఫ్కా అమలుపరచి 1995లో వివరించెను. నేటి పెద్ద యంత్రములలో ఇది విస్తారముగా వాడుకలో నున్నది.

అయితే దీనికొక షరతు కలదు. తన పనికి ఎంతసేపు పట్టునో ప్రతివాడును ముందుగా చెప్పవలెను. చెప్పిన గడువు దాటినచో పనిని నిలిపివేయుదురు. ఆ భయముచే పలువురు అవసరమునకు మించిన గడువు కోరుదురు. వినియోగదారుల అంచనాలు ఎంత తప్పుగా నుండునో ముఆలెమ్, ఫైటెల్సన్ అనువారు 2001లో ప్రచురించిన అధ్యయనములో చూపిరి. ఒక గంట పనికి పది గంటలు కోరినవానికి నష్టమేమనగా, చిన్న సందులలో అతని పని ఇముడదు. అందుచే అతడే ఎక్కువసేపు ఆగును. ఇచట నిజము చెప్పుట నీతి మాత్రమే కాదు, లాభము కూడ.

న్యాయమైన వంతు

ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమున జూడీ కే, పియర్స్ లాడర్ 1988లో వివరించిన "న్యాయమైన వంతు" పద్ధతి విద్యార్థులకు సంబంధించినది. అభ్యాసములు ఇయ్యవలసిన గడువు దగ్గరపడగనే ఒక తరగతివారందరును యంత్రముపై పడుదురు. ఇతరులకు చోటు దొరకదు. అందుచే ప్రతివారికి కొంత వాటా నిర్ణయించి, ఇటీవల వాడుకొన్నదానిని లెక్కించి, ఎక్కువ వాడినవారిని వెనుకకు జరిపిరి. అయితే పాత వాడుక శాశ్వతముగా లెక్కలో నిలువదు. వారమునకు సగము తగ్గునట్లు నియమించినచో, నేటి 100 గంటల వాడుక వారము తరువాత 50గాను, రెండు వారముల తరువాత 25గాను లెక్కింపబడును. రేడియోధార్మిక పదార్థముల అర్ధాయువును నేర్చిన విద్యార్థులకు ఈ లెక్క సులభముగా బోధపడును.

అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో 2002 ప్రాంతమున ప్రారంభమైన "స్లర్మ్" అను ఉచిత ప్రోగ్రామునందు ఈ పాఠములన్నియు ఒక్కచోట చేరినవి. వరుస, వంతు, సందులు పూరించుట అన్నియు అందు కలవు. "ఎస్‌బ్యాచ్" అను ఒక్క ఆజ్ఞతో పని వరుసలో చేరును. "ఎస్‌క్యూ" తో ఎవరి వెనుక ఎవరున్నారో కనబడును. "ఎస్‌క్యాన్సిల్" తో పనిని వెనుకకు తీసికొనవచ్చును. భారతదేశమున 1988లో సీడాక్ సంస్థ యేర్పడి, 1991లో పరమ్ 8000 యంత్రమును నిర్మించెను. 2015లో ప్రారంభమైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ పథకము క్రింద హైదరాబాదు ఐ.ఐ.టి.లో "పరమ్ సేవ" అను యంత్రము నెలకొల్పబడెను. ఇట్టి యంత్రములయందు ఆచార్యుని పనియైనను, పరిశోధక విద్యార్థి పనియైనను వరుసలోనే చేరవలెను.

లైనక్సు గల ఏ కంప్యూటరునందైనను "అప్‌టైమ్" అని టైపు చేసినచో మూడు సగటు భారములు కనబడును. లైనక్సులో డిస్కు కొరకు ఆగియున్న పనులును ఆ లెక్కలో చేరును. 0.40, 1.60, 3.20 అని వచ్చినచో పావుగంట క్రిందటి రద్దీ ఇప్పుడు తగ్గినదని గ్రహింపవచ్చును. ఉపాధ్యాయులు పాఠశాల కంప్యూటర్లపై ఈ అంకెలను గంట గంటకు వ్రాయించి, పట్టిక కట్టించినచో పనుల పంపకము ఎందుకు కావలెనో పిల్లలకు అనుభవమునకు వచ్చును. పిమ్మట, ఉన్న యంత్రములకంటె పిల్లలు ఎక్కువగా నున్నప్పుడు ఎవరికి ముందు, ఎవరికి వెనుక అను నియమమును వారిచేతనే వ్రాయింపవచ్చును. ముందు వచ్చినవానికా, చిన్న పని గలవానికా, నిన్న అవకాశము దొరకనివానికా అని వారు తర్కించుకొందురు. యంత్రము వరుసను క్షణములో లెక్కగట్టి చూపగలదు. ఆ వరుసకు నియమమును మాత్రము మనుష్యులే కూర్చుండి నిర్ణయింపవలెను.